విమానాలు, పక్షులు, అడుగుజాడలు: తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఉండేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు జిల్లాల పటం ఒకసారి ముందు పెట్టుకుని చూడండి. నడుమ రేణిగుంట విమానాశ్రయం. ఆగ్నేయాన చెన్నై, పడమర బెంగళూరు, రెండూ రాత్రింబవళ్ళు రద్దీగా ఉండే విమానాశ్రయాలే. తూర్పున సముద్రం ఒడ్డున శ్రీహరికోట. నగరి దాటి తమిళనాడులోకి వెళితే అరక్కోణంలో నౌకాదళ విమాన స్థావరం. నేల మీదకు వస్తే ఉత్తరాన శేషాచలం, పడమటి కొసన కౌండిన్య అడవి, తూర్పున పులికాట్ సరస్సు, నేలపట్టు. ఇన్నీ ఒకచోట కుదరడం అరుదు. అయినా నెత్తిన మోత వినిపిస్తే "ఏదో ఫ్లైటు పోతాంది" అంటాం, చేలో అడుగు కనిపిస్తే "కుక్కదేలే" అంటాం, అంతటితో సరి.

ఆ రెండు మాటల దగ్గర ఆగిపోకుండా ఇంకాస్త ముందుకు ఎలా వెళ్ళాలో ఇక్కడ రాస్తున్నాను. ఖర్చు పెద్దగా లేదు. కావలసింది ఒక తావు, ఒక నోటుబుక్కు, ఒక అలవాటు. ముందు వినాలి, తర్వాత చూడాలి, తర్వాత మీరే ఒక అంచనా వేసి రాసుకోవాలి, ఆ పైనే ఫోన్ తీయాలి. మొదటే ఫోన్ తీస్తే, విమానం, పిట్ట పేరు చెప్పే యాప్ చెప్పింది చదువుతారు తప్ప ఆకాశం వైపు చూడరు. విమానానికైనా, పిట్టకైనా, అడుగుజాడకైనా ఇదే వరుస.

1. తావు, వేళ కుదుర్చుకోండి

మిద్దె ఉంటే మిద్దె, లేకపోతే చెరువు కట్ట. కనీసం రెండు దిక్కుల్లో ఆకాశానికి అడ్డం ఉండకూడదు. దగ్గర్లో ఒక పెద్ద చింతో మర్రో, ఎంతో కొంత నీళ్ళు ఉంటే పక్షుల సంగతి అవే చూసుకుంటాయి. రోజుకో తావు మార్చకండి. ఒకే చోట కూర్చుని చూస్తేనే రోజూ వచ్చేది ఏది, కొత్తగా వచ్చింది ఏది అనేది తెలుస్తుంది.

మొదటి రోజే దిక్కులు ఖాయం చేసుకోండి. ఫోన్‌లోని దిక్సూచితో చూసి, తూర్పున నీళ్ళ ట్యాంకు, దక్షిణాన సెల్ టవర్, వాయవ్యాన కొండ కొమ్ము అని గుర్తులు రాసుకోండి. ఎత్తు కొలవడానికి పిడికిలి చాలు. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు వస్తుంది. నేల అంచు నుంచి నడినెత్తికి తొమ్మిది పిడికిళ్ళు. "టవరుకు ఎడమగా, మూడు పిడికిళ్ళ ఎత్తున" అని చెబితే పక్కనున్న పిల్లవాడు కూడా ఠక్కున పట్టేస్తాడు.

పక్షులకు, జంతువులకు తెల్లవారి వెలుగు వచ్చే గంట, పొద్దుగూకే ముందు గంట మంచివి. విమానాలకు వేళ పట్టింపు లేదు గానీ సాయంత్రం ఎండ పక్కనుంచి పడుతుంది కాబట్టి ఒంటి మీది రంగు, రెక్కల తీరు బాగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం గద్దలకు, పెద్ద కొంగలకు వదిలేయండి. అవి వేడి గాలి ఎక్కి గిరికీలు కొట్టేది అప్పుడే. మొత్తం ఏడాదిలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలం అన్నిటికీ అనువైన కాలం.

2. సామాను

బైనాక్యులర్ ఒకటి ఉంటే మేలు, లేకపోయినా మొదలుపెట్టొచ్చు. కొనేటట్లయితే 8×42 అని రాసి ఉన్నది చూడండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. పది రెట్లు దాటితే చేతి వణుకు కూడా అన్ని రెట్లవుతుంది. ఎర్రగా మెరిసే అద్దాలతో, రాత్రిపూట కూడా కనిపిస్తుందని అమ్మే చవక సరుకు జోలికి పోవద్దు. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు సూర్యుడి వైపు తిప్పకూడదని ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. కన్ను పోతుంది, ఇందులో అతిశయోక్తి లేదు.

నోటుబుక్కు, పెన్సిలు (చినుకు పడినా చెరగదు), టార్చి, మడమ దాటిన బూట్లు, ఒక కర్ర. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే చీకటికి అలవాటుపడిన కంటికి ఇబ్బంది ఉండదు. కానీ ఆ ఎర్ర వెలుతురు కూర్చున్న చోట రాసుకోవడానికే. గట్టు మీద నడిచేటప్పుడు కాగితం తీసేసి తెల్ల వెలుతురులోనే నడవండి, ఎందుకంటే మన చేలల్లో కట్లపాము, రక్తపింజరి తిరిగేది ఆ వేళలోనే. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, నాటుమందు పెట్టడం ఏమీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరడమే.

3. విమానం: చెవి, ఆకారం, ఎత్తు

మోత వినిపించిన వైపు చూస్తే విమానం కనిపించదు. ఇది అందరికీ అనుభవమే. 35 వేల అడుగుల ఎత్తున నడినెత్తి మీద పోయే విమానం మోత మన చెవిని చేరడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఆలోగా అది ఏడు కిలోమీటర్లు దాటిపోయి ఉంటుంది. కాబట్టి శబ్దం వచ్చే చోటు నుంచి అది పోతున్న దిశలో ముందుకు వెతకండి. శబ్దానికీ విమానానికీ మధ్య ఎడం ఎంత ఎక్కువ ఉంటే అది అంత ఎత్తున ఉన్నట్టు. మోత, మనిషి చూపు రెండూ ఒకేచోట కలిస్తే అది కిందికి దిగుతున్నదో, ఇప్పుడే లేచినదో అయి ఉంటుంది.

మోతలోనూ తేడా ఉంది. జెట్ ఇంజను శబ్దం ఉరుములా సాగి సన్నగిల్లుతుంది. రేణిగుంటకు హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాటిలో ఏటీఆర్ రకం చిన్న విమానాలు కూడా ఉంటాయి. వాటివి పంకాల ఇంజన్లు. ఎడతెగని గుర్రుమనే శబ్దం వస్తుంది, జెట్ కన్నా నెమ్మదిగా కదులుతాయి, 20 వేల అడుగుల చుట్టుపక్కలో ఇంకా కిందో పోతాయి. కింది నుంచి చూసినప్పుడు ఏటీఆర్‌కు రెక్క ఒంటి పైభాగాన అతికించినట్టు ఉంటుంది, తోక చివర అడ్డపట్టీ నిలువు పట్టీ నెత్తిన కూర్చుని ఉంటుంది. జెట్ విమానాలైన ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 రకాలకు రెక్క ఒంటి కింది భాగం నుంచి వస్తుంది, ఇంజన్లు రెక్క కింద వేలాడతాయి.

ఏ320కీ 737కీ తేడా చెప్పడమే అసలు పరీక్ష. దిగేటప్పుడు పక్కనుంచి చూడండి. 737 నిలువు తోక మొదట్లో, ఒంటితో కలిసేచోట, ఒక వంపు తిరిగి ఏటవాలు పట్టీ కనిపిస్తుంది. ఏ320 తోక నేరుగా లేస్తుంది. 737 ముక్కు కొంచెం మొనదేలి ఉంటుంది, ఏ320ది గుండ్రన. వారం రోజులు మీ అంచనా రాసి, తర్వాత ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో సరిచూసుకుంటూ పోతే చాలు, కన్ను పట్టేస్తుంది.

ఎత్తు అంచనాకు చందమామ సాయం తీసుకోవచ్చు. ఏ320 పొడవు సుమారు 37.5 మీటర్లు. 35 వేల అడుగుల ఎత్తున నడినెత్తిన ఉన్నప్పుడు అది చంద్రబింబం వెడల్పులో మూడోవంతు ఉంటుంది. సగం కన్నా పెద్దగా కనిపిస్తోందంటే ఇంకా పైకెక్కుతోందో, దిగుతోందో అనుకోండి.

బూడిద రంగులో, ఏ కంపెనీ పేరూ లేకుండా, 737 ఆకారంలో ఉన్న విమానం నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు కనిపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. అరక్కోణం దగ్గరి ఐఎన్ఎస్ రాజాళి స్థావరంలో ఉండే పీ-8ఐ కావచ్చు. సముద్రం మీద నిఘాకు నౌకాదళం 2013 నుంచి వాడుతున్న ఈ విమానం 737 ఒంటి మీదే తయారైంది. సైన్యం విమానాలు యాప్‌లో కనిపించకపోవడం మామూలే. యాప్‌లో లేదు, కంటికి ఉంది అనేది కూడా రాసుకోదగ్గ సంగతే.

4. అది ఎక్కడికి పోతోంది?

ఇక్కడ పటం పని చేస్తుంది. చెన్నై నుంచి వాయవ్యంగా పోతే ముంబై, ఉత్తరంగా పోతే హైదరాబాద్, ఢిల్లీ. పడమరగా పోయేవాటిలో గల్ఫ్ దేశాలవి ఉంటాయి. బెంగళూరు నుంచి ఈశాన్యంగా పోయేవి కోల్‌కతా వైపు. మీ ఊరి మీద గీత ఏ మూల నుంచి ఏ మూలకు పోతోందో పిడికిలి లెక్కతో రాసుకుని, ఇంటికొచ్చి పటం మీద స్కేలు పెట్టి గీయండి. గీత రెండు వైపులా పొడిగిస్తే ఏదో ఒక నగరం తగులుతుంది.

ఎత్తుకూ దిక్కుకూ సంబంధం ఉంది. తూర్పు సగం దిక్కులకు పోయే విమానాలకు 33, 35, 37 వేల అడుగుల వంటి బేసి అంకెల ఎత్తులు, పడమటి సగానికి పోయేవాటికి 34, 36, 38 వంటి సరి అంకెలు ఇవ్వడం సాధారణ నియమం. ఎదురెదురుగా వచ్చేవాటి మధ్య వెయ్యి అడుగుల ఎడం ఉండడానికి ఈ ఏర్పాటు. కాబట్టి దిక్కు చూసి "35 గానీ 37 గానీ అయి ఉండాలి" అని ముందే రాసేయొచ్చు. తర్వాత యాప్ చూస్తే చాలాసార్లు సరిపోతుంది. ఎక్కుతున్నవి, దిగుతున్నవి ఈ లెక్కకు అందవు.

తెల్ల గీత సంగతి. ఇంజను వదిలే పొగలోని నీటి ఆవిరి గడ్డకట్టడం వల్ల అది పడుతుంది. దానికి బయట గాలి సున్నాకు దిగువన 40 డిగ్రీలో ఇంకా తక్కువో ఉండాలి. చలి దేశాల్లో 30 వేల అడుగులకే అంత చల్లదనం దొరుకుతుంది. మన దగ్గర ఇంకా పైకి పోవాలి. అందుకే ఒకే సాయంత్రం ఒక విమానం గీత గీస్తుంది, దాని కిందుగా పోయే మరొకటి గీయదు. గీత వెంటనే కరిగిపోతే పైన గాలి పొడిగా ఉన్నట్టు, చాలాసేపు నిలిచి పరుచుకుంటే తేమ ఉన్నట్టు. తుఫానుకు ముందు రోజుల్లో ఈ తేడా గమనించండి.

రేణిగుంటకు దిగేవాటిది వేరే లెక్క. అక్కడి రన్‌వే ఒక కొసన 08, ఇంకో కొసన 26 అని రాసి ఉంటుంది. అంటే దిక్సూచి మీద 80, 260 డిగ్రీలు, దాదాపు తూర్పు పడమరలు. విమానం వీలైనంత వరకు గాలికి ఎదురుగా దిగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి కొడుతుంది కాబట్టి తూర్పు వైపు నుంచి దిగేవి ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలప్పుడు గాలి మారుతుంది, పడమటి వైపు నుంచి, అంటే చంద్రగిరి, తిరుచానూరు పక్కగా దిగడం ఎక్కువవుతుంది. దిగే దారి వాలు సుమారు 3 డిగ్రీలు. రన్‌వేకి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటే అన్ని యాభై మీటర్ల ఎత్తున విమానం ఉంటుంది. పది కిలోమీటర్ల దూరంలో మీ ఇల్లుంటే సుమారు 500 మీటర్లు. మీ ఊరి జెండా ఎటు ఎగురుతోందో చూసి ఈ పూట ఫ్లైటు ఏ వైపు నుంచి వస్తుందో పిల్లల చేత పందెం కట్టించండి, పాఠం దానంతట అదే వస్తుంది.

అంచనా రాశాకే యాప్. ఫ్లైట్‌రాడార్24 లాంటివి చేసే పని చిన్నదే. విమానాలు తమ చోటు, ఎత్తు, వేగం రేడియోలో తామే చెబుతూ పోతాయి. ఊరూరా ఔత్సాహికులు పెట్టుకున్న రిసీవర్లు దాన్ని పట్టి నెట్‌లోకి పంపుతాయి. ఈ సంకేతం సూటిగా పోవాలి, కొండ అడ్డం వస్తే తెగిపోతుంది. శేషాచలం చాటున కిందుగా పోయే విమానం యాప్‌లో ఉన్నట్టుండి మాయమైతే దానికేమీ కాలేదు, సంకేతం అందలేదంతే. యాప్‌లో వీటీ అని మొదలయ్యే అక్షరాలు కనిపిస్తే అది మన దేశంలో నమోదైన విమానం.

5. రాత్రి ఆకాశం

విమానం ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్క కొసన ఆకుపచ్చ. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చీకట్లోనూ దిశ చెప్పేయొచ్చు. మీకు ఎడమవైపు ఆకుపచ్చ, కుడివైపు ఎరుపు కనిపిస్తే అది మీకు ఎదురుగా వస్తోంది. మిణుకుమనకుండా, చప్పుడు లేకుండా ఒకే వెలుగుతో జారిపోయేది ఉపగ్రహం. వాటిలో బాగా వెలిగేది అంతరిక్ష కేంద్రం, దాని ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. పొద్దుగూకిన కాసేపటికో తెల్లవారుజామునో మాత్రమే కనిపిస్తుంది, అప్పుడైతేనే కింద మనకు చీకటి, పైన దానికి ఎండ.

6. రాకెట్ రోజు

శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే ఉంది. 2025 జనవరి 29 తెల్లవారుజామున ఎగిరిన జీఎస్ఎల్వీ-ఎఫ్15 అక్కడి నుంచి జరిగిన నూరో ప్రయోగం. తేదీ, గంట ఇస్రో ముందే ప్రకటిస్తుంది. సూళ్ళూరుపేట దాటి వీక్షణ గ్యాలరీకి పోవాలంటే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సీట్లు త్వరగా అయిపోతాయి. నా మటుకు నాకు శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఎత్తైన మిద్దె ఏదైనా ఇంకా నయం, తోపులాట ఉండదు.

తిరుపతి నుంచైనా శ్రీకాళహస్తి నుంచైనా చూడాల్సింది దాదాపు నేరుగా తూర్పుకు. లేచిన వెంటనే కనిపించదు, చెట్ల అంచు దాటి పైకి రావడానికి కాసేపు పడుతుంది. తర్వాత కుడివైపుకు వంగుతుంది. చాలామంది చేసేదేమిటంటే వెలుగు కనిపించకుండా పోగానే కిందికి దిగిపోతారు. ఆగండి. సూళ్ళూరుపేటకు గర్జన నిమిషం కాస్త దాటేసరికి వచ్చేస్తుంది గానీ శ్రీకాళహస్తి దాకా రావడానికి మూడు నిమిషాలు కావాలి. గాలి అనుకూలిస్తే ఆకాశం ఖాళీ అయ్యాక కిటికీ తలుపులు సన్నగా అదురుతాయి. పగటి ప్రయోగంలో రాకెట్ కన్నా అది వదిలిన పొగను చూడండి. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి ఆ గీత కాసేపటికి వంకర్లు తిరుగుతుంది.

చేలో థర్మోకోల్ పెట్టె, చిరిగిన రబ్బరు బెలూను దొరికితే బాంబేమోనని పరుగులు పెట్టకండి. పాకాల దారిలో గాదంకి దగ్గరి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, చెన్నైలోని వాతావరణ కేంద్రం గాలి వేడి, తేమ కొలవడానికి ఇలాంటివి ఎగరేస్తాయి. పైకి పోయేకొద్దీ ఉబ్బి పగిలి, పెట్టె కిందికి పడుతుంది. దాని మీద రాసి ఉన్నది చదవండి. చీటీ లేకుండా, వైర్లతో అనుమానంగా ఉంటే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.

7. పక్షులు: పేరు కన్నా ముందు పని చూడండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు పేరు కోసం తొందరపడతారు. పేరు ఎక్కడికీ పోదు. ఆ పిట్ట ఏం చేస్తోంది, ఎక్కడ వాలింది, తోక ఎలా ఆడిస్తోంది అన్నది రాసుకుంటే పేరు తర్వాతైనా దొరుకుతుంది.

ఎత్తున తిరిగే గద్దతోనే మొదలుపెట్టండి. మామూలు నల్లగద్ద తోక కొసన గంటు ఉంటుంది, గాలిలో మలుపు తిరిగేటప్పుడు ఆ తోకను చుక్కానిలా అటూ ఇటూ మెలిపెడుతుంది. తల, ఎద తెల్లగా, మిగతా ఒళ్ళు ఇటుక రంగులో ఉంటే గరుడ పక్షి. కొండ కింద దాన్ని చూసి చేతులెత్తి మొక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రాబందులు మాత్రం ఇక్కడి ఆకాశంలో దాదాపు కరువే. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా వాటి మూత్రపిండాలు చెడగొట్టిందని తేలాక 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు.

గద్ద వెనకాల చిన్న నల్లపిట్ట ఒకటి పడి తరుముతుంటే అది ఏట్రింత, కొస చీలిన తోక దాని గుర్తు. తన గూడు ఉన్న చెట్టు చుట్టుపక్కలకు గద్దను, కాకిని రానివ్వదు. ట్రాక్టరు దున్నుతుంటే వెనకాల నడిచే తెల్లకొంగలు, కరెంటు తీగ మీద నుంచి నేల మీదికి దూకి మిడతను పట్టే పాలపిట్ట, చెరువు కట్ట మీద కూర్చునే లకుముకి: ఇవి చాలు మొదటి నెలకు. విడిపోయాక ఆంధ్రప్రదేశ్ పాలపిట్ట స్థానంలో రామచిలుకను రాష్ట్ర పక్షిగా తీసుకుంది. శెనక్కాయ చేను కాపలా కాసే రైతుకు ఆ చిలుక మీద గౌరవం ఏపాటిదో అడగక్కర్లేదు.

వానలు మొదలయ్యాక బావి మీదికి వంగిన ఈతచెట్టు కింద నిలబడి చూడండి. గిజిగాడు గూళ్ళు ఎక్కువగా తూర్పు వైపు కొమ్మలకే వేలాడుతుంటాయి. నైరుతి గాలివాన కొట్టేది పడమటి వైపు నుంచి కదా. గూడు సగం అల్లి ఆగిపోయి ఉంటే, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చుకునే దాకా మగది మిగతా సగం అల్లదు.

చెవి విషయానికొస్తే, చీకట్లో తీతువు అరిస్తే మన పెద్దవాళ్ళు అపశకునం అంటారు. దాన్ని కాపలా కేకగా వినండి. నేల మీద గుడ్లు పెట్టే పిట్ట అది, దగ్గరకు కుక్క వచ్చినా నక్క వచ్చినా మనిషి వచ్చినా అరుస్తుంది. కేక ఏ మూల మొదలై ఏ మూలకు జరిగిందో రాసుకోండి, నడిచినది ఏదో దాని దారి తెలుస్తుంది. పగటిపూట కంచె దగ్గర మట్టిరంగు పిట్టలు గుంపుగా చేరి ఒకటే గోల చేస్తుంటే వాటి ముక్కులు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. అటే పామో గుడ్లగూబో ఉంటుంది. అడవి అంచు ఊళ్ళలో కొండముచ్చు చెట్టు కొసన నుంచి గట్టిగా దగ్గినట్టు అరిస్తే చిరుత అనుమానం.

ఉరుముకు, టపాసుకు నెమలి బదులు అరుస్తుంది. కిందుగా విమానం పోయినప్పుడు మీ ఊరి నెమళ్ళు అరుస్తాయా? పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలానా? రెండూ ఒకే తావు నుంచి చూసేవాళ్ళే ఇది తేల్చగలరు.

చలికాలంలో ఒక రోజు నేలపట్టుకు కేటాయించండి. దొరవారిసత్రం దగ్గర, చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గుంపులుగా గూళ్ళు కడతాయి. పులికాట్‌లో నీరు సరిగ్గా ఉన్న ఏడాది రాజహంసలు కనిపిస్తాయి. మీ మిద్దె మీద నుంచి మధ్యాహ్నం ఎత్తున గిరికీలు కొట్టే పెద్ద తెల్ల పక్షుల గుంపు కనిపిస్తే, మెడ ముందుకు చాచి ఉంటే ఎర్రకాళ్ళ కొంగల జాతి, మెడ వెనక్కి ముడుచుకుని పెద్ద ముక్కు కనిపిస్తే గూడబాతు.

పాట విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ మంచిదే. కానీ ట్రాక్టరు చప్పుడు మధ్యలో అది చెప్పే పేర్లు యథాతథంగా నమ్మకండి. కంటితో చూసేదాకా పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

8. అడుగుజాడలు: తెల్లవారి పేపరు

అడవి జంతువును చూడాలని రాత్రి తిరగడం కన్నా, అది తిరిగిన దారి తెల్లవారి చదవడం మేలు. ప్రాణానికీ మేలే. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు గుంటల్లో నీడ పడి జాడలు స్పష్టంగా తెలుస్తాయి. ఎండెక్కితే చెదిరిపోతాయి.

సాయంత్రం కంచెలో సందు ఉన్నచోట, వంక దాటే చోట, ఒక బారెడు మేర మట్టిని జల్లెడ పట్టి పలుచగా పరిచి చేత్తో చదును చేయండి. తెల్లవారి వచ్చి చూడండి. జాడ పక్కన అగ్గిపెట్టె పెట్టి, నిటారుగా పై నుంచి ఫోటో తీయండి. లేకపోతే సైజు విషయంలో ఊరంతా తలో మాట అంటారు.

కుక్కకూ చిరుతకూ తేడా ఇలా పట్టండి. కుక్క అడుగులో గోళ్ళ గుర్తులు వేళ్ళ ముందు పడతాయి, నడుమ రెండు వేళ్ళు ముందుకు పొడుచుకొస్తాయి, మడమ మెత్త మూడు మూలలుగా ఉంటుంది. చిరుత గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, అడుగు గుండ్రంగా ఏడు సెంటీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది, మడమ మెత్త వెనక అంచు మూడు గడ్డలుగా కనిపిస్తుంది. ఎలుగుబంటిది మనిషి పాదంలాగే పొడవు, కాకపోతే ఐదు వేళ్ళూ దాదాపు ఒకే వరుసలో ఉండి, వాటికి చాలా ముందుగా గోళ్ళ గీతలు పడతాయి. అడవి పంది గిట్టల వెనక రెండు చిన్న చుక్కలు ఉంటాయి. అది వచ్చిందని చెప్పడానికి జాడ అక్కర్లేదనుకోండి, దున్నేసిన శెనక్కాయ సాళ్ళే చెబుతాయి. అడుగుల నడుమ తోక ఈడ్చిన గీత ఉంటే ఉడుము. రాతి మీద రేగు గింజలతో నిండిన పెంట ఉంటే నక్కదో పునుగుపిల్లిదో.

మేకలు కాసే తాతను అడగండి, కానీ అడిగే తీరులో అడగండి. "తాతా, ఈ గుట్టలో చిరుత ఉందా?" అంటే "ఉండాది నాయనా" అనే అంటాడు. "నిన్న మేకలు ఏ పక్క బెదిరినాయి తాతా?" అని అడిగితే వంక పేరు, చెట్టు పేరు, వేళ అన్నీ చెబుతాడు.

9. ఏనుగు, చిరుత: ఇక్కడ వేడుక వద్దు

కుప్పం, పలమనేరు, వి.కోట వైపు 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు వచ్చి నిలిచాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు చంద్రగిరి, పులిచెర్ల దాకా కూడా వాటి రాకపోకలు ఉన్నాయి. పలమనేరు మండలం ముసలిమడుగులో కుంకీ ఏనుగుల (అడవి ఏనుగులను తరమడానికి తర్ఫీదు ఇచ్చిన ఏనుగుల) శిబిరం వచ్చింది. ఏనుగు ఊరి మీదికి వచ్చిందంటే సెల్ ఫోన్లు పట్టుకుని గుంపుగా వెళ్ళేవాళ్ళను చూస్తుంటాం. అది చూడటం కిందికి రాదు. ఏనుగుకు చూపు అంతంతమాత్రం, వాసన పట్టడంలో మాత్రం దానికి సాటి లేదు. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే మీరు ఎంత చాటున ఉన్నా ఒకటే. ఫ్లాష్ కొట్టడం, టపాసులు కాల్చడం, బైకు మీద దగ్గరకు పోవడం మానాలి. పక్కా మిద్దె మీద, దీపాలు తగ్గించి, అటవీ సిబ్బందికి ఫోన్ చేసి కూర్చోవాలి.

అది వెళ్ళిపోయిందని సిబ్బంది చెప్పాక చేయగలిగిన పని ఒకటుంది. తడి మట్టిలో ముందుకాలి అడుగు చుట్టూ తాడు పెట్టి కొలవండి. ముందుకాలి అడుగు వెనకకాలిదాని కన్నా గుండ్రంగా ఉంటుంది. ఆ చుట్టుకొలతకు రెట్టింపు, ఏనుగు భుజం దాకా ఎత్తుకు దగ్గరగా వస్తుంది. తాడు 130 సెంటీమీటర్లు వస్తే ఎత్తు సుమారు రెండు మీటర్ల అరవై సెంటీమీటర్లు.

చిరుత గురించి 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చనిపోయిన సంగతి మరిచిపోకూడదు. అడవి అంచు ఊళ్ళలో పొద్దుగూకాక పిల్లల్ని ఒంటరిగా బయటకు పంపకండి. మాంసం వ్యర్థాలు ఇంటి వెనక పారేస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. ఎదురుపడితే పరుగెత్తకూడదు, కింద కూర్చోకూడదు. నిటారుగా నిలబడి, పిల్లల్ని ఎత్తుకుని, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి.

10. విమానం, పక్షి ఎదురుపడే చోట

రేణిగుంట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఇది ముఖ్యం. కోళ్ళ, మేకల వ్యర్థాలు బయట పారేస్తే గద్దలు గుంపుగా చేరి, విమానం దిగే ఎత్తులోనే తిరుగుతాయి. అందుకే విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల బయట పశువధ చేయడం, చెత్త పోయడం నిషేధం. జాతరలో, పెళ్ళిలో లేజర్ దీపాలు ఆకాశం వైపు తిప్పినా పైలట్ కళ్ళు బైర్లు కమ్ముతాయి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం నెట్‌లో పెట్టిన డిజిటల్ స్కై పటంలో మీ ఊరు ఏ రంగులో ఉందో చూడాలి. తిరుమలలో డ్రోన్ ఎగరేయడం నిషేధం. కొండ మీదుగా విమానాలు కూడా పోకూడదని చాలా కాలంగా అడుగుతున్నారు, మీ ఊరు కొండకు దగ్గరైతే ఆ వాదనకు మీ నోటుబుక్కు సాక్ష్యం కూడా కావచ్చు. విమానాశ్రయం గోడ దగ్గర బైనాక్యులర్ పట్టుకుని నిలబడితే పోలీసులు ప్రశ్నిస్తారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కిలోమీటర్ల దూరంలో మీ మిద్దె ఉండగా అక్కడికి పోవడమెందుకు?

11. రాసుకోవడం, పంచుకోవడం

ఒక్కో చూపుకు ఒక్క వరుస చాలు. ఇలా:

"సాయంత్రం 5:50. గాలి పడమర. జెట్, ఆగ్నేయం నుంచి వాయవ్యానికి, ఎత్తు ఏడు పిడికిళ్ళు, గీత లేదు. నా అంచనా: చెన్నై–ముంబై, 36 వేలు. యాప్: ____. అదే సమయాన చింతచెట్టులో చిలుకలు చేరడం మొదలు."

అంచనా, యాప్ మాట రెండు వేరువేరు గడుల్లో ఉండాలి. అంచనా తప్పితే కొట్టేయకండి, ఎందుకు తప్పిందో పక్కన రాయండి. గాలి దిక్కు మాత్రం ప్రతి వరుసలో ఉండాలి. విమానం ఎటు దిగుతుందో, ఏనుగుకు మన వాసన తగులుతుందో లేదో, గిజిగాడు ఎటు గూడు కడుతుందో అన్నిటికీ గాలే మూలం.

పక్షుల లెక్కలు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించవచ్చు. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో పదిహేను నిమిషాలు మీ మిద్దె మీద కూర్చుని లెక్కపెట్టినా సరిపోతుంది. అయితే కొన్నిటి చోటు ఎక్కడా పెట్టకండి. నక్షత్ర తాబేలు, అలుగు, దేవాంగ పిల్లి, గుడ్లగూబ గూడు, ఇవి వేటగాళ్ళు వెతికేవి. గుడ్లగూబలను దీపావళికి ముందు క్షుద్రపూజల కోసం పట్టి అమ్మేవాళ్ళున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పట్టడం, పెంచుకోవడం, అమ్మడం నేరం. ఫోటో పెట్టాలనిపిస్తే ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేసి, జిల్లా పేరు మాత్రం రాసి పెట్టండి. వలో ఉచ్చో కంటపడితే దాన్ని తీసేయబోకుండా ఫోటో తీసుకుని, దగ్గరి అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు అదే పూట చెప్పండి.